భారీ చిత్రాల నీడలో తెలుగు చిన్న సినిమా: సాహిత్య, భాషా చరిత్రల దృష్టి

1977లో వచ్చిన తెలుగు సినిమాల పేర్లు చెప్పమంటే ఎవరికైనా ముందు గుర్తుకు వచ్చేవి ‘అడవిరాముడు’, ‘దానవీరశూరకర్ణ’. ఒకటి సాంఘికం, రెండవది పౌరాణికం. రెండింటికీ కథానాయకుడు నందమూరి తారకరామారావే. అదే సంవత్సరం మృణాల్ సేన్ తెలుగులో ‘ఒక ఊరి కథ’ తీశారు. ప్రేమ్‌చంద్ ‘కఫన్’ కథ దానికి ఆధారం. ఆ ఏడాది ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. కార్లోవీ వారీ చలనచిత్రోత్సవంలోనూ గుర్తింపు దక్కింది. అయినా తెలుగు సినిమా చరిత్ర గ్రంథాలలో దానికి దక్కే చోటు సాధారణంగా అవార్డుల పట్టికలో ఒక వరుస మాత్రమే. పురస్కారం వచ్చిందని చెప్పడంతో చర్చ ముగుస్తుంది. ఆ సినిమా ఏం చేసింది, తెలుగు భాషతో దాని సంబంధం ఏమిటి, మూలకథను ఎక్కడ విడిచింది, ఎందుకు విడిచింది అన్న ప్రశ్నలు మొదలే కావు.

ఈ ప్రశ్నలను సినిమా విమర్శకులకు వదిలివేయడం తెలుగు శాఖలకు అలవాటైన పని. సాహిత్యానికీ సినిమాకూ గల సంబంధాన్ని బోధించే చోట సైతం మనం ఉదాహరణలుగా తీసుకునేవి ‘మాయాబజార్’, ‘శంకరాభరణం’, ఈ మధ్య ‘బాహుబలి’. వాటి విలువను తక్కువ చేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అయితే ఒక తెలుగు కథ తెరకెక్కేటప్పుడు ఏమవుతుందో, ఒక ప్రాంతపు పలుకు తెరమీద ఎలా బతుకుతుందో తెలుసుకోవాలంటే వాటికంటే మెరుగైన ఆధారాలు మనకు ఉన్నాయి. అవి చిన్న సినిమాలు. 1967 నుండి ఇటీవలి వరకు వచ్చిన కొన్ని చిన్న సినిమాలను చారిత్రకంగా పరిశీలించి, భారీ చిత్రాలకు బదులుగా వీటిని పాఠ్యంగా స్వీకరించవలసిన అవసరాన్ని చూపడం ఇక్కడి ప్రయత్నం.

చిన్న సినిమా అన్న మాటకు వ్యాపార వర్గాలలో ఉన్న అర్థం పెట్టుబడికి సంబంధించినది. ఆ అర్థం ఇక్కడ చాలదు. తక్కువ ఖర్చుతో పెద్ద సినిమాను అనుకరించిన చిత్రాలు తెలుగులో కొల్లలు. వాటికి చిన్నతనం ఒక లోటు మాత్రమే, దృక్పథం కాదు. తారల ఆకర్షణ మీద ఆధారపడకుండా, ఒక స్థలాన్నీ ఒక సామాజిక స్థితినీ ఒక పలుకుబడినీ నమ్ముకుని తీసిన చిత్రాన్నే ఇక్కడ చిన్న సినిమాగా గ్రహిస్తున్నాను. ఈ కొలతతో చూస్తే సరిహద్దులు కొంత కలగాపులగమవుతాయి. జె. వి. సోమయాజులు వంటి రంగస్థల నటుడిని ముఖ్యపాత్రలో నిలిపిన ‘శంకరాభరణం’ విడుదలయ్యే నాటికి చిన్న సినిమాయే. ప్రేక్షకాదరణ దాన్ని పెద్దది చేసింది. కనుక చిన్న, పెద్ద అన్న విభజన శాశ్వతమైనది కాదు, చరిత్ర చేసినది.

పూర్వరంగం

తెర మీద వ్యావహారిక భాష గురించి మాట్లాడేటప్పుడు 1938 నాటి ‘మాలపిల్ల’ను దాటిపోలేము. గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వంలో చలం కథకు తాపీ ధర్మారావు మాటలు వ్రాశారు. నాటకరంగపు గ్రాంథికచ్ఛాయలు తొలి టాకీలను ఆవరించిన కాలంలో, గిడుగు ఉద్యమపు ఫలితం తెరకు చేరిన ఘట్టం అది. ఇతివృత్తం అస్పృశ్యత, భాష వాడుకభాష. ఈ రెండింటి కలయిక యాదృచ్ఛికం కాదు. ఎవరి గురించి మాట్లాడాలన్న నిర్ణయమే ఏ భాషలో మాట్లాడాలన్నదాన్ని నిర్ణయించింది. ఈ సూత్రం తరువాతి చిన్న సినిమాల చరిత్ర అంతటికీ వర్తిస్తుంది.

అయితే ‘మాలపిల్ల’ తెచ్చిన వాడుకభాష క్రమంగా ఒకే ప్రాంతపు శిష్టవ్యావహారికంగా స్థిరపడింది. మద్రాసు స్టూడియోలలో కోస్తా జిల్లాల విద్యావంతుల మాట సినిమా భాషకు ప్రమాణమయింది. మిగిలిన ప్రాంతాల పలుకు తెరమీద లేకపోలేదు, కాని దానికి కేటాయించిన స్థానం హాస్యం, సేవకత్వం, దుష్టత్వం. 1985 నాటి ‘ప్రతిఘటన’లో కోట శ్రీనివాసరావు ధరించిన మంత్రి కాశయ్య పాత్ర తెలంగాణ మాటతో ఎంత ప్రసిద్ధి పొందిందో అందరికీ తెలుసు. నటుడి ప్రతిభ నిస్సందేహం. కాని ఆ ప్రసిద్ధికి మరో పార్శ్వం ఉంది. ఆ పలుకు వినగానే ప్రేక్షకుడు ప్రతినాయకుడిని ఊహించే అలవాటు దానితో మరింత బలపడింది.

తారలే చిన్న సినిమా వైపు నడిచిన అరుదైన సందర్భం 1967లో కనిపిస్తుంది. అక్కినేని నాగేశ్వరరావు, ఆదుర్తి సుబ్బారావు చక్రవర్తి చిత్ర సంస్థ పక్షాన ‘సుడిగుండాలు’, ఆపైన 1970లో ‘మరో ప్రపంచం’ తీశారు. తన కుమారుడిని చంపిన యువకుడి పక్షాన ఒక న్యాయమూర్తి నిలబడడం ‘సుడిగుండాలు’ ఇతివృత్తం. జాతీయ పురస్కారం వచ్చింది, వసూళ్ళు రాలేదు. ‘మరో ప్రపంచం’ తరువాత ఆ ప్రయత్నం ఆగిపోయింది. అగ్రతార, అగ్రదర్శకుడు ఉన్నా నిలబడని ప్రయోగం తారలు లేకుండా నిలబడగలదా అన్న సందేహం అప్పటికి సహజం. దానికి జవాబు స్టూడియోల నుండి రాలేదు, బయటి నుండి వచ్చింది.

బయటివారు చూపిన ఊరు

1970లలో తెలుగు గ్రామం గురించిన ముఖ్య చిత్రాలను తీసినవారిలో తెలుగువారు కానివారు ఎక్కువ. శ్యామ్ బెనగళ్ 1974లో ‘అంకుర్’, 1975లో ‘నిశాంత్’ తీశారు. తెలంగాణ భూస్వామ్యం వాటి నేపథ్యం, దక్కనీ ఛాయలున్న హిందీ వాటి భాష. తెలంగాణ పల్లె జాతీయ స్థాయిలో తెర మీదికి వచ్చినప్పుడు దాని నోట తెలుగు లేకపోవడం ఆలోచించదగిన విషయం. బెనగళ్ ఆపైన 1978లో ఖానోల్కర్ మరాఠీ నవల ‘కోండురా’ను హిందీలోనూ, ‘అనుగ్రహం’ పేరుతో తెలుగులోనూ నిర్మించారు. వాణిశ్రీ వంటి ప్రసిద్ధ నటి అందులో నటించినా ఆ చిత్రాన్ని నేడు ప్రస్తావించేవారు తక్కువ.

‘ఒక ఊరి కథ’ వద్ద కొంత ఆగాలి. ప్రేమ్‌చంద్ కథ ప్రారంభమయ్యేసరికే కోడలు బుధియా ప్రసవవేదనతో లోపల మూలుగుతూ ఉంటుంది. గుడిసె బయట తండ్రీకొడుకులు ఘీసూ, మాధవ్ కాల్చిన ఆలుగడ్డల కోసం కూర్చుని ఉంటారు. ఆమె చనిపోతుంది. శవవస్త్రం కోసం అడుక్కున్న డబ్బుతో వారు తాగుతారు. కథలో బుధియాకు గొంతు లేదు, ఆమె ఒక మూలుగు మాత్రమే. కథాశిల్పానికి ఆ లేమి అవసరం. సినిమా ఆ సంయమనాన్ని కావాలనే భంగం చేసింది. మమతాశంకర్ ధరించిన నీలమ్మ పెళ్ళికి ముందు నుండి కనిపిస్తుంది. ఆ ఇంటికి వచ్చి, పని చేసి, ఇల్లు నిలబెట్టాలని ప్రయత్నిస్తుంది. వాసుదేవరావు నటించిన వెంకయ్యకు సోమరితనం ఒక సిద్ధాంతం. పనిచేసేవాడికి ఏమి మిగిలిందని అతని ప్రశ్న. ఆ ప్రశ్నకు సినిమా సమాధానం చెప్పదు. కాని ఆ సిద్ధాంతపు మూల్యాన్ని చెల్లించేది అతను కాదు, నీలమ్మ అని చూపుతుంది. మూలకథ వ్యంగ్యంలో దాగిన స్త్రీని పూర్తి పాత్రగా మలచడం అనువర్తనంలో జరిగిన విమర్శ. అనువర్తనాన్ని మూలవిధేయతతో తూచే మన అలవాటుకు ఇది మంచి పరీక్ష.

ఈ చిత్రానికి ఒక బలహీనత కూడా ఉంది. అందులోని ఊరు ఏ జిల్లాదో తెలియదు. భాష తెలుగే అయినా అది ఏ నేలదీ కాదు. ఉత్తరప్రదేశ్ కథను బెంగాలీ దర్శకుడు తెలుగులో చెప్పినప్పుడు ఆ ఊరు ఒక దృష్టాంతంగా మారింది. ఆ సార్వత్రికత సేన్ కోరినదే కావచ్చు. కాని నీలమ్మ మాటలో ఒక నేల వాసన ఉండి ఉంటే, ఆమె మరణం ఇంకొంత బరువుతో తాకేదని నా అభిప్రాయం.

ఆ కొరత ‘మా భూమి’లో తీరింది. గౌతం ఘోష్‌కు ఇది తొలి కథాచిత్రం. 1979లో నిర్మాణమై 1980లో విడుదలయింది. నిర్మాణంలో ముఖ్యులు బి. నర్సింగరావు. కిషన్ చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’ ఆధారం. ఇక్కడొక చిక్కు ప్రశ్న ఉంది. తెలంగాణ సాయుధ పోరాటాన్ని, దాని పూర్వరంగాన్ని గురించి తెలుగులోనే నవలలు ఉండగా ఉర్దూ నవల వైపు ఎందుకు వెళ్ళారు? వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ అప్పటికే ఉంది. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’ ఆ దశకంలోనే సినిమాగా కూడా వచ్చింది. నిర్మాతల మనసులోని కారణాన్ని ఊహించడం కంటే ఫలితాన్ని చూడడం మేలు. కిషన్ చందర్ నవల ఉరికంబం ఎక్కబోయే రైతు యువకుడు రాఘవరావు చివరి రాత్రి స్మృతులుగా సాగుతుంది. అది ఒక మనిషి అంతరంగ కథనం. సినిమా ఆ చట్రాన్ని వదిలి రామయ్య అనే యువకుడి జీవితాన్ని కాలక్రమంలో చెప్పింది. ప్రేమించిన పిల్లను దొర గడికి పిలిపించుకోవడం, రామయ్య ఊరు వదలడం, నగరంలో కార్మికోద్యమ పరిచయం, తిరిగి వచ్చి సంఘంలో చేరడం, 1948 పోలీసు చర్య తరువాత పారిపోయిన దొరలు టోపీలు మార్చుకుని తిరిగి రావడం వరుసగా వస్తాయి. స్మృతి స్థానంలో చరిత్ర వచ్చింది. ఉర్దూ నవలలోని కావ్యగుణం కొంత పోయింది, దాని స్థానంలో తెలంగాణ తెలుగు వచ్చింది. ఈ లావాదేవీలో నష్టం కంటే లాభమే ఎక్కువ.

రామయ్యగా సాయిచంద్, పాటగాడిగా గద్దర్ తెరమీద కనిపించారు. బండి యాదగిరి పోరాటకాలపు పాటను గద్దర్ పాడిన ఘట్టం జానపద రూపం రాజకీయ రూపంగా మారే క్షణాన్ని నమోదు చేసింది. ఆ తరువాతి నాలుగు దశాబ్దాల తెలంగాణ పాటను అధ్యయనం చేసేవారు ఈ దృశ్యాన్ని ఒక ఆధారపత్రంగా చూడవలసి ఉంటుంది. ‘శంకరాభరణం’ కూడా 1980లోనే విడుదలయింది. ఒకే ఏడాది తెలుగు తెర ఒకవైపు శాస్త్రీయ సంగీతాన్ని, మరోవైపు గొంగడి భుజాన వేసుకున్న పాటను వినిపించింది. మన సంగీత సాహిత్య చర్చలలో మొదటిదానికి దక్కిన పుటల సంఖ్యకూ రెండవదానికి దక్కిన సంఖ్యకూ పోలిక లేదు.

మాట తగ్గిన చోట

బి. నర్సింగరావు తానే దర్శకుడిగా తీసిన చిత్రాలలో ‘రంగుల కల’ (1983) నగరంలో చిత్రకారుడి అంతర్మథనం. అందులో ఆయనే నటించారు. ‘మట్టి మనుషులు’ (1990) పల్లె వదలి హైదరాబాదులో భవన నిర్మాణ కూలీలుగా మారిన దంపతుల కథ. ఈ రెంటి మధ్య 1988లో వచ్చిన ‘దాసి’ భాషాధ్యయనానికి అత్యంత విలువైనది.

‘దాసి’కి ఐదు జాతీయ పురస్కారాలు వచ్చాయి. ఉత్తమ తెలుగు చిత్రంతో పాటు నటనకు అర్చన, ఛాయాగ్రహణానికి అపూర్వ కిశోర్ బీర్, కళాదర్శకత్వానికి చిత్రకారుడు తోట వైకుంఠం, దుస్తుల రూపకల్పనకు సుదర్శన్ ఈ గౌరవం పొందారు. ఇందులో సంభాషణలకు పురస్కారం లేకపోవడం సహజం. ఎందుకంటే సంభాషణ ఈ చిత్రంలో దాదాపు లేదు. 1920ల నాటి గడిలో దాసి కమలాక్షి దినచర్యే కథ. ఆమె నీళ్ళు మోస్తుంది, ఊడుస్తుంది, దొరసానికి సేవ చేస్తుంది, దొర పిలిచినప్పుడు వెళుతుంది. గర్భం దాలిస్తే దాన్ని తీయించుకోవలసి వస్తుంది. ఆమె నోట వచ్చే మాటలను వేరుగా వ్రాసిపెడితే కొద్ది పుటలు దాటవు.

ఈ మౌనాన్ని కళాత్మక చిత్రాల సాధారణ లక్షణంగా కొట్టివేయడం తొందరపాటు. దీనికి సామాజిక భాషాశాస్త్ర సంబంధమైన ఆధారం ఉంది. గడి వ్యవస్థలో మాట్లాడే హక్కు పైనుండి కిందికి ప్రవహిస్తుంది. దొర మాట ఆజ్ఞ, దొరసాని మాట ఈసడింపు, కింది మనిషి మాట అంగీకారం. ‘బాంచెన్’ అన్న ఒక్క పదంలో ఆ అంగీకారమంతా ఇమిడి ఉంది. అది సంబోధన కాదు, సమాధానమూ కాదు. మాట్లాడే మనిషి తనను తాను రద్దు చేసుకునే ప్రక్రియ. భారీ చిత్రాలలో ఈ పదం తరువాత కాలంలో ఉద్వేగాన్ని రేపే సాధనమయింది. నాయకుడు రాబోతున్నాడని సూచించడానికి ఎవరో ఒక వృద్ధుడు ఆ మాట అంటాడు, సంగీతం పెరుగుతుంది. ‘దాసి’లో నాయకుడు రాడు. పనిముట్ల చప్పుడు, అడుగుల చప్పుడు, తలుపు గడియ చప్పుడు మాటల స్థానాన్ని ఆక్రమిస్తాయి. అధికారం భాషను ఎలా పంచుతుందో చెప్పడానికి ఇంత స్పష్టమైన తెలుగు పాఠ్యం ముద్రిత సాహిత్యంలో సైతం అరుదు.

దొరసాని పాత్రను కూడా చిత్రం సులభంగా ఖండించదు. ఆమె కూడా గడి గోడల లోపలి ఖైదీయే. ఆమెకూ కమలాక్షికీ మధ్య పుట్టగలిగిన సానుభూతి ఎందుకు పుట్టదో చిత్రం ఓపికగా చూపుతుంది. తెలుగు స్త్రీవాద సాహిత్యం కులం, వర్గం అన్న తేడాలను గురించి విస్తృతంగా వాదించుకున్నది ఆ తరువాతి దశకంలో. ఈ చిత్రం ఆ వాదానికి కొంచెం ముందే వచ్చింది. ఆ చర్చలలో దీని ప్రస్తావన దాదాపు కనిపించకపోవడం ఆశ్చర్యమే.

కోస్తా ప్రాంతం నుండి ఈ కాలంలో వచ్చిన చిత్రాలలో బి. ఎస్. నారాయణ పేరు చెప్పుకోవాలి. ‘ఊరుమ్మడి బ్రతుకులు’ (1976) జాతీయ పురస్కారం పొందింది. ‘నిమజ్జనం’లో నటనకు శారదకు ఉత్తమ నటి గౌరవం లభించింది. అస్థికల నిమజ్జనానికి బయలుదేరిన దంపతుల ప్రయాణం, బండివాడి అఘాయిత్యం, ఎవరికీ చెప్పుకోలేని ఆ స్త్రీ మౌనం. ‘దాసి’ మౌనానికీ దీనికీ భేదం ఉంది. ఒకటి వ్యవస్థ విధించినది, మరొకటి ఆచారం పవిత్రత పేరిట విధించినది. రెండింటినీ కలిపి చదివితే లభించే అర్థం విడివిడిగా లభించదు.

2000 తరువాత

నూతన శతాబ్దంలో చిన్న సినిమా మళ్ళీ తెలుగు కథ వైపు తిరిగింది. కె. ఎన్. టి. శాస్త్రి ‘తిలాదానం’ తొలి చిత్రానికిచ్చే ఇందిరాగాంధీ పురస్కారాన్ని పొందింది. పౌరోహిత్యం మీద బతకలేని తండ్రి, విప్లవ మార్గం పట్టిన కొడుకు అందులో ఎదురుపడతారు. 2004 సంవత్సరానికి అదే పురస్కారం ఇంద్రగంటి మోహనకృష్ణ ‘గ్రహణం’కు దక్కింది. చలం ‘దోషగుణం’ కథ దీని మూలం. జబ్బుపడిన ఒక కుర్రవాడి జ్వరానికి కారణంగా ఒక ఇల్లాలి శీలాన్ని ఊరు శంకించడం, వైద్యం పేరిట ఆమెను అవమానించడం ఇతివృత్తం. 1938లో చలం కథ తెరకెక్కినప్పుడు అది సంస్కరణోద్యమ ప్రచారంలో భాగం. ఆరున్నర దశాబ్దాల తరువాత అదే రచయిత కథ తెరకెక్కినప్పుడు ప్రచారం లేదు, అనుమానం ఎలా నిజమై కూర్చుంటుందన్న పరిశీలన ఉంది. ఈ రెండు చిత్రాలనూ పక్కపక్కన ఉంచితే చలం పఠన చరిత్రే కనిపిస్తుంది.

రజనేష్ దోమల్‌పల్లి ‘వనజ’ (2006) ఇంకా విచిత్రమైన దారిలో వచ్చింది. అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా తీసిన చిత్రం అది. కోస్తాంధ్ర నేపథ్యం, వృత్తినటులు కాని నటవర్గం, కూచిపూడి నేర్చుకోవాలని జమిందారిణి ఇంట పనికి చేరిన బెస్తపిల్ల కథ. 2007లో బెర్లిన్‌లో తొలి కథాచిత్ర పురస్కారం పొందింది. కూచిపూడి గురించిన మన పరిశోధనలు నాట్యాచార్యుల పరంపరలను చెబుతాయి. ఆ నాట్యాన్ని ఎవరు నేర్చుకోగలరు, ఎవరు ఏ మూల్యం చెల్లించి నేర్చుకుంటారు అన్నది ‘వనజ’ అడిగిన ప్రశ్న.

2018లో వెంకటేశ్ మహా తీసిన ‘కేరాఫ్ కంచరపాలెం’ ఉత్తరాంధ్ర పలుకును అపహాస్యం లేకుండా వినిపించింది. విశాఖపట్నంలోని ఆ పేటవాసులే అందులో ఎక్కువమంది నటులు. ఆ చిత్రం విజయాన్ని చిన్న సినిమా విజయంగా కొనియాడేవారు ఒక విషయం మరువరాదు. నిర్మాణం స్వతంత్రమే అయినా, ప్రజల ముందుకు రావడానికి దానికి ఒక పెద్ద నిర్మాణ సంస్థ సమర్పణ అవసరమయింది. తీయడం సులభమైన కాలంలోనూ చూపడం కష్టంగానే ఉంది. 1970లలో ఉదయం ఆట, 1980లలో దూరదర్శన్ ఆదివారం మధ్యాహ్నపు ప్రాంతీయ చిత్రం, ఇప్పుడు ఓటీటీ వేదిక: మార్గం మారింది, ప్రధానద్వారం మాత్రం తెరుచుకోలేదు.

పాఠ్యంగా చిన్న సినిమా

ఈ చిత్రాలను భారీ చిత్రాలకు ప్రత్యామ్నాయంగా సూచించడం అభిరుచికి సంబంధించిన విషయం అయితే పరిశోధన పత్రికలో దానికి చోటు ఉండనక్కర లేదు. అవి భాషకు సంబంధించిన ఆధారాలు కావడం వల్లనే ఈ సూచన. ముద్రిత మాండలిక పదకోశాలు పదాన్ని ఇస్తాయి, దాని స్వరాన్ని ఇవ్వలేవు. దొర ముందు గొంతు ఎంత కిందికి దిగుతుందో, కంచరపాలెంలో వాక్యాంతం ఎలా సాగుతుందో శ్రవ్యరూపంలోనే తెలుస్తుంది. అందుకని ఈ చిత్రాల ప్రతులు పాడైపోతే పోయేది వినోదం కాదు. తెలుగు తొలి టాకీగా చెప్పుకునే ‘భక్త ప్రహ్లాద’ (1932) ప్రతి నేడు లభించడం లేదు. దాని భాష గురించి మనం చెప్పేదంతా పరోక్ష సమాచారమే. ‘నిమజ్జనం’, ‘ఊరుమ్మడి బ్రతుకులు’ ఆ వరుసలో చేరకూడదు.

బోధనకు కొన్ని జతలను సూచించవచ్చు. ‘కఫన్’ అనువాదాన్ని ‘ఒక ఊరి కథ’తో, ‘దోషగుణం’ను ‘గ్రహణం’తో కలిపి చదివించవచ్చు. ‘ప్రజల మనిషి’ పక్కన ‘మా భూమి’ని ఉంచితే నవల చెప్పిన పూర్వరంగం, సినిమా చెప్పిన పోరాటం ఒకదానికొకటి అందుతాయి. ‘దాసి’కి జతగా ఏ నవలనూ సూచించను. దానికి విద్యార్థుల చేత సంభాషణల లిఖిత ప్రతిని తయారుచేయించడం మేలు. ఏ మాట ఎవరు ఎవరితో అన్నారు, ఎవరు బదులివ్వలేదు అన్నది పట్టికగా వేస్తే ఒక సిద్ధాంత వ్యాసానికి సరిపడే సామగ్రి లభిస్తుంది.

శ్రీరమణ ‘మిథునం’ కథ విషయంలో జతకు మూడో పాఠం కూడా ఉంది. తనికెళ్ళ భరణి 2012లో ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి ఇద్దరే పాత్రధారులుగా దాన్ని తెలుగులో తీశారు. అంతకు పుష్కర కాలం ముందే, 2000లో, ఎం. టి. వాసుదేవన్ నాయర్ అదే కథను ‘ఒరు చెరు పుంచిరి’గా మలయాళంలో తీశారు. తెలుగు కథ తెలుగు తెరకంటే ముందు మలయాళ తెరకు చేరింది. అప్పదాసు, బుచ్చిలక్ష్మి కేరళ పెరట్లో ఏ కూరలు పండించారో, ఏ మాటలతో పోట్లాడుకున్నారో, శ్రీరమణ వాక్యంలోని భోజనప్రియత్వం అక్కడ ఏ రూపం ధరించిందో పోల్చి చూడడం తులనాత్మక సాహిత్యం చదివే విద్యార్థికి ఒక సెమిస్టరు పని.